ఎనిమిది తిప్పాలి, ఎత్తు ఎక్కాలి: డ్రైవింగ్ టెస్ట్ సందేహాలు

ప్రశ్న: డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకున్నాను. వచ్చే వారం నాగోల్‌లో టెస్ట్. అక్కడ ఏమేం చేయిస్తారు? ఎత్తు మీద బండి ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మీరెంత జోరుగా నడపగలరో అక్కడ ఎవరూ చూడరమ్మా. నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి మీ చేతిలో ఉందా లేదా అన్నదే చూస్తారు. ఎక్కగానే సీటు సరిచేసుకోండి, అద్దాలు సర్దుకోండి, బెల్టు పెట్టుకోండి. ఇన్‌స్పెక్టర్ పరీక్ష అక్కడి నుంచే మొదలవుతుంది. హెచ్ ట్రాక్‌లో రివర్స్‌లో మలుపు తిప్పాలి. స్టీరింగ్ కంగారుగా తిప్పకండి. సగం క్లచ్ మీద బండిని పాకించండి, రెండు అద్దాలూ మార్చి మార్చి చూడండి.

ఇక ఎత్తు సంగతి. అక్కడ బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. హ్యాండ్‌బ్రేక్ వాడితే తప్పేమో అనుకోకండి, నిబంధనల్లోనే దానికి వీలుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి, బండి కాస్త వణికినప్పుడు ఎక్సలరేటర్ కొద్దిగా ఇస్తూ హ్యాండ్‌బ్రేక్ దించండి.

మరో మాట. స్కూలు కారులో పక్కసీటు దగ్గర కూడా పెడల్స్ ఉంటాయి. ఇన్నాళ్లూ బండి ఆగిపోకుండా కాపాడింది మీ కాలా, మాస్టారి కాలా? టెస్ట్‌లోపు ఒకరోజు ఆయన్ను కాళ్లు వెనక్కి పెట్టుకుని కూర్చోమనండి. తేలిపోతుంది.

ప్రశ్న: టూవీలర్ టెస్ట్‌కు అక్క స్కూటీ తీసుకెళ్లొచ్చా? ‘8’ తిప్పడంలో కిటుకు ఏమైనా ఉందా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: తీసుకెళ్లొచ్చు. కానీ గేర్లు లేని బండికి లైసెన్స్ తీసుకుంటే గేర్ల బైకు నడపడానికి అది చెల్లదు. రేపు బైకు కొనే ఆలోచన ఉంటే ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) దరఖాస్తులోనే గేర్ల బండి అని పెట్టుకో, టెస్ట్‌కూ అదే తీసుకెళ్లు. ‘8’లో కాలు కింద ఆనితే కథ అయిపోయినట్టే. ముందు చక్రాన్ని చూస్తే తూలతావు, వెళ్లాల్సిన మలుపును చూడు. వెనక బ్రేకునే తేలిగ్గా వాడు, మలుపులో ముందు బ్రేకు పట్టకు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు, హెల్మెట్ మరిచిపోకు.

ప్రశ్న: ఒకసారి ఫెయిలయ్యాను. డబ్బిస్తే టెస్ట్ లేకుండానే పని జరిపిస్తానని ఏజెంట్ అంటున్నాడు. ఏం చేయాలి?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: దణ్ణం పెట్టి పంపించేయండి. 7 రోజులు దాటాక మళ్లీ టెస్ట్‌కు వెళ్లవచ్చు. మూడుసార్లూ తప్పితేనే 60 రోజులు ఆగాలి. అప్పుడు డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి. మీ ఎల్ఎల్ఆర్‌కు 6 నెలల గడువు ఉంటుంది, ఆ తేదీ ఒకసారి చూసుకుని స్లాట్ బుక్ చేసుకోండి. ఎక్కడ తప్పారో గుర్తుంది కదా? ఈ వారమంతా ఆ ఒక్కటే సాధన చేయండి. ఏజెంటు కార్డు ఇప్పించగలడేమో గానీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే మీ బండి వెనకనున్న లారీ మీదికి జారకుండా ఆపాల్సింది మీ కాలే.