ముందు కాగితం మడిచి చూడు

విజయవాడ,
ఆదివారం

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పంపిన పీడీఎఫ్ అందింది. తాతయ్య పద్యాలూ కథలూ కలిపి పుస్తకం వేద్దామని నువ్వు పూనుకున్నావని తెలిసి పెద్దమ్మా నేనూ ఎంత సంబరపడ్డామో ఆ రోజు ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. ఆ పీడీఎఫ్‌ని రెండుసార్లు ప్రింటు తీసి, కళ్లజోడు తుడుచుకుని కూర్చుని చూశాను. ఇన్‌డిజైన్ నేర్చుకుని మూడు నెలలే అయింది కదా, ఆ లెక్కన చెయ్యి బాగానే తిరిగింది. అయితే అమ్మా, నువ్వు స్క్రీనును చూస్తూ పేజీలు కట్టావు. పుస్తకం కాగితం మీద పుడుతుంది. నీకు చెప్పాలనుకున్నవన్నీ ఈ ఒక్క తేడా దగ్గర్నుంచి వచ్చేవే. ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయని రాస్తున్నాను.

మొదట కంప్యూటరు కట్టేసి ఒక తెల్లకాగితం తీసుకో. మూడుసార్లు మడువు. ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు వస్తాయి. అంచులు చింపకుండానే మూలమూలనా పెన్సిలుతో 1 నుంచి 16 దాకా అంకెలు వేసి, కాగితం విప్పు. ఒకటి పక్కన పదహారు, రెండు పక్కన పదిహేను, ఎనిమిది పక్కన తొమ్మిది కనిపిస్తాయి. చివరి మడత మీద పక్కపక్కనున్న ఏ రెండు అంకెలు కూడినా పదిహేడే. ప్రెస్సు వాళ్లు ఫారం అనేది దీన్నే. 18×23 అంగుళాల డెమ్మీ షీటు ఇలా మూడు మడతలు పడితే, అంచులు కోశాక ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాల పుస్తకం అవుతుంది. మనం 1/8 డెమ్మీ అనేది దాన్నే. పేజీలను ఈ వరసలో పేర్చే పని ప్రెస్సు వాళ్లది, నువ్వు పెట్టుకోకు. ఒక్కొక్క పేజీ విడిగా, వరసగా ఉన్న పీడీఎఫ్ ఇస్తే చాలు. ఎదురెదురు పేజీలు కలిపి ఒకే పేజీగా పంపితే మాత్రం వాళ్లు మళ్లీ నీకే ఫోన్ చేస్తారు.

ఇప్పుడు నీ పుస్తకం సంగతి. నీ ఫైలులో 149 పేజీలు వచ్చాయి. తొమ్మిది ఫారాలంటే 144, పది అంటే 160. ఐదు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కిస్తే పదకొండు పేజీలు ఖాళీ పోతాయి, డబ్బు మాత్రం పడుతుంది. సగం ఫారం కలిపి 152 చేయవచ్చు, ప్రెస్సును అడిగి చూడు. నన్నడిగితే ముందుమాటలు రెండింటిలో ఒకటి తీసేసి, కథల మొదట్లో నువ్వు వదిలిన ఖాళీలు కాస్త తగ్గించి 144కు దించుతాను. ఈ లెక్క మొదటి రోజే చూసుకోవాల్సింది. పేజీలన్నీ కట్టాక చూస్తే అక్షరం సైజు తగ్గించాలనే పాడు ఆలోచన వస్తుంది.

మార్జిన్ల దగ్గరికొస్తే నా మనసులో ఒక ముల్లుంది. 1996లో పేజ్‌మేకర్ మీద ఒక కథల పుస్తకం కట్టాను. రచయిత రిటైరైన మాస్టారు, దాచుకున్న డబ్బుతో వేయించుకుంటున్నారు. పేజీలు తగ్గించి ఆయనకు ఖర్చు మిగులుద్దామని నాలుగు వైపులా అర అంగుళం మార్జిను సమానంగా ఇచ్చాను. స్క్రీను మీద ముచ్చటగా ఉంది. బైండింగులో పక్క నుంచి పిన్నులు కొట్టేసరికి లోపలి అంచు మునిగిపోయింది. పుస్తకం రెండు చేతులా విరిచి పట్టుకుంటే తప్ప వరస మొదటి అక్షరం కనపడదు. మాస్టారు ఒక్క మాట అనలేదు. బాకీ లెక్కపెట్టి ఇచ్చేసి, కట్టలు రిక్షాలో వేయించుకుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణేమో.

అందుకని నీ పుస్తకానికి లోపలి వైపు ముప్పావు అంగుళం వదులు. బయట అర అంగుళం పైచిలుకు చాలు. పైనా కిందా కలిపి ఒకటిన్నర అంగుళం వదిలితే, కింద కొంచెం ఎక్కువ ఉండేలా చూసుకుంటే, మధ్యలో సరిగ్గా ఏడంగుళాల ఎత్తు మిగులుతుంది. ఆ ఏడు అంగుళాలు ఎందుకన్నానో చూడు.

అంగుళానికి 72 పాయింట్లు, ఏడంగుళాలకు 504. వరసకు 18 పాయింట్ల చొప్పున 28 వరసలు ఖచ్చితంగా పడతాయి. నువ్వు 12 పాయింట్ల అక్షరం పెట్టి, వరసల దూరాన్ని, అంటే లెడింగ్‌ని ఆటోలో వదిలేశావు. ఆటో అంటే నూటికి నూట ఇరవై, అంటే 14.4 పాయింట్లు. ఇంగ్లీషుకు అది చాలు, మనకు చాలదు. మన అక్షరం నిలువుగా పెరుగుతుంది. నీ 37వ పేజీ తీసి చూడు. పై వరసలో ‘రాష్ట్రం’ ఉంది, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ ఉంది. ష కింద ట, దాని కింద ర, రెండు ఒత్తులు దిగి వచ్చి కింది వరసలోని కీ గుడిదీర్ఘాన్ని గుచ్చుకున్నాయి. లెన్సు పెట్టి చూస్తే రెండూ కలిసి ఏదో కొత్త అక్షరంలా ఉన్నాయి. చదివేవాడికి ఫలానా చోట ఇబ్బంది అని తెలియదు, పది పేజీలు చదివేసరికి కళ్లు లాగుతాయి, పుస్తకం మూసేస్తాడు. ట్రెడిల్ ప్రెస్సు రోజుల్లో వరసల మధ్య సీసపు పట్టీలు పెట్టేవాళ్లు, లెడింగ్ అనే పేరు ఆ సీసం వల్ల వచ్చిందే. పట్టీలు తక్కువైతే ఒత్తులు కింది వరస మీద పడతాయని ఆనాటి కంపోజిటరుకు వేలికొసల్లో తెలిసి ఉండేది.

కాబట్టి 12కు 18 పెట్టు. దీంతో పేజీల సంఖ్య మారుతుంది, ఫారాల లెక్క మళ్లీ చూసుకో. బేస్‌లైన్ గ్రిడ్ కూడా 18 పాయింట్లకే కట్టి, వచనమంతా దానికి తగిలించు. మనం వాడే 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం మీద వెనక పేజీ అచ్చు కొంచెం లీలగా కనిపిస్తుంది. ముందు వరస వెనకే వెనక పేజీ వరస కూడా పడితే ఆ నీడ దాని చాటున దాగిపోతుంది. గ్రిడ్ తప్పితే వరసల మధ్య తెలుపంతా మాసినట్టు బూడిదగా కనిపిస్తుంది. వావిళ్ల వారి పాత పుస్తకం ఒకటి మన అల్మరాలో ఉంది, ఈసారి వచ్చినప్పుడు ఒక ఆకు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడు.

పద్యాల దగ్గర నువ్వు స్పేస్‌బార్ కొట్టి జరిపావు. ఆ పని చేయకు తల్లీ. ఫాంటు మారిస్తే ఖాళీలన్నీ చెల్లాచెదురవుతాయి. ‘పద్యం’ అని ఒక పేరాగ్రాఫ్ స్టైల్ చేసుకో. ఎడమకు సర్ది, ఇండెంట్ ఇచ్చి, పాదం చివర షిఫ్ట్ ఎంటర్ కొట్టు. పద్యానికి పైన తొమ్మిది, కింద తొమ్మిది పాయింట్ల ఖాళీ ఇస్తే మొత్తం పద్దెనిమిది అయి, తర్వాతి వచనం మళ్లీ గ్రిడ్ మీదికే వస్తుంది. ఈ ఒక్క స్టైల్‌కి మాత్రం గ్రిడ్ తగిలించకు, లేకపోతే ఆ తొమ్మిది తొమ్మిదిగా నిలవదు. కందంలో ఒకటీ మూడూ పాదాలు పొట్టి, రెండూ నాలుగూ పొడుగు. ఆ హెచ్చుతగ్గు అలాగే కంటికి కనపడనీ, జస్టిఫై చేసి సమానంగా లాగకు. సీసపద్యం పాదం ఎనిమిది గణాలు, మన పేజీ వెడల్పులో ఒక వరసలో పట్టదు. నాలుగు గణాల దగ్గర విరిచి రెండో సగాన్ని లోపలికి జరుపు. సాఫ్ట్‌వేరు తనకు తోచిన చోట విరిస్తే తాతయ్య యతి మునిగిపోతుంది. కీప్ ఆప్షన్స్‌లో వరసలన్నీ కలిపి ఉంచమని చెప్పు, పద్యం రెండు పేజీల మీదికి చీలకుండా.

ఇంకొకటి. తాతయ్య అరసున్నలు, బండి ఱ వదలకుండా రాసేవాడు. ఫాంటు ఎంచుకునే ముందు అందులో ఆ రెండూ ఉన్నాయా, ఉంటే బాగున్నాయా చూడు. శీర్షికకు ఏ అలంకారపు ఫాంటు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, లోపలి వచనానికి మాత్రం సాదా ఫాంటే పెట్టు. ఫాంటుకీ ఫాంటుకీ 12 పాయింట్లు ఒకేలా ఉండదు కాబట్టి ఒక పేజీ నాలుగు ఫాంట్లలో ప్రింటు తీసి, మీ నాన్నకు కళ్లజోడు లేకుండా ఇచ్చి చదవమను.

ఇన్‌డిజైన్‌లో కొన్ని చోట్ల ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన పడ్డాయని అన్నావు. ఫాంటు తప్పు కాదది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకో, వాటంతట అవే కూడుకుంటాయి. దాన్ని స్టైల్‌లోనే పెట్టేయ్, పేరా పేరాకీ వెతుక్కోకుండా. భాష కూడా తెలుగు అని పెట్టు. మన మాటలు పొడుగు, కాలమ్ సన్నం. జస్టిఫై చేస్తే మాటల మధ్య కన్నాలు పడతాయి. అలాంటి వరస కనిపిస్తే అక్షరాల మధ్య లాగి సర్దకు, మాటను ఒక అక్షరం దగ్గర విరువు. ఒత్తు ఒక వరసలో, దాని తల ఇంకో వరసలో పడకపోతే చాలు.

కథల టైపింగు పాత పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉందన్నావు. వాటిని ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరిచేది, తర్వాతివి తెరవవు. అక్షరాలు కూడా యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో ఉంటాయి కనుక ఎలాగూ యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. మార్చాక నమ్మకు. మ ఉండాల్సిన చోట వు, సున్న ఉండాల్సిన చోట అంకె 0 లేదా ఇంగ్లీషు ఓ అక్షరం దాగి ఉంటాయి. కంటికి ఒకటే, సరైన మాట కొట్టి వెతికితే దొరకవు. ఫైండ్‌లో ముందు ఆ 0ని, ఆ ఓని వెతికి ఒక్కొక్కటీ చూడు. ఆ తర్వాత కూర్చుని, అసలు రాతప్రతి పక్కన పెట్టుకుని, మొదటి నుంచి చివరికి చదవాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూడటం మేలు. దానికి నేనొస్తాను, ఆ పని నాకు వదులు.

రంగుల గురించి నాలుగు ముక్కలు. లోపలి పేజీలు నలుపొక్కటే కదా, అక్షరాలన్నీ బ్లాక్ స్వాచ్‌లోనే ఉన్నాయా చూడు. వర్డ్ నుంచి తెచ్చిన నలుపు చాలాసార్లు ఆర్‌జీబీలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ అనే స్వాచ్ కూడా చూడటానికి నలుపే. ఇవి నలుపు ఒక్కదాని మీదే కాక నాలుగు ప్లేట్ల మీదా పడతాయి. విండో మెనూలో సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి నలుపు ఆపేయ్. పేజీ మీద ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అదే దొంగ.

అట్ట విడి ఫైలు. ముందు అట్ట, వెనక అట్ట, మధ్యలో వెన్ను, చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్. వెన్ను మందం ఊహించి వేయకు. మిల్లును బట్టి కాగితం మందం మారుతుంది. చివరికి 144 పేజీలైతే 72 ఆకులు, అదే కాగితం 72 ఆకులు పేర్చి స్కేలుతో కొలిచి చెప్పమని ప్రెస్సును అడుగు, చెబుతారు.

ప్రింటు తీసి చూసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి నూటికి నూరు పెట్టు. లేకపోతే సైజు మారిపోయి, అక్షరం చిన్నదనో పెద్దదనో మనం ఉత్తుత్తికే కంగారు పడతాం.

చివరగా తాతయ్య ఫొటో. నువ్వు పెట్టినది వాట్సాప్‌లో చేతులు మారి వచ్చినట్టుంది, మొహం మీద గళ్లు కనిపిస్తున్నాయి. నాలుగంగుళాల వెడల్పున వేయాలంటే అడ్డంగా 1200 పిక్సెళ్లయినా కావాలి, అందులో సగం కూడా లేవు. అసలు ఫొటో మా ఇంట్లో నల్ల అట్టల ఆల్బంలో ఉంది. అరుగు మీద కూర్చుని కలం మూత తీస్తున్నది. మూలలు జిగురుతో అతికి ఉన్నాయి, ఊడదీస్తే చిరుగుతుంది. వచ్చే ఆదివారం ఆల్బం మొత్తం తీసుకునే వస్తాను. ఆకుతో పాటే స్కానరు మీద పెట్టి 600 డీపీఐలో తీద్దాం. అప్పటికి మొదటి ఫారం పదహారు పేజీలు కొత్త మార్జిన్లతో ప్రింటు తీసి ఉంచు.

మీ అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న