అభిప్రాయభేదము - స్నేహధర్మము

చిరకాలమిత్రునితో నభిప్రాయభేదము గలిగినప్పుడు మనలో ననేకులు రెండు మార్గములలో నొకదానిని ద్రొక్కుచున్నారు. కొందరు స్నేహము చెడునని భయపడి యూరకుందురు. మరికొందరు సత్యమునకై పోరాడుచున్నామను నుత్సాహమున మిత్రుని నలుగురిలో నిలువబెట్టి నిందింతురు. మొదటి పద్ధతిచే స్నేహము మిగిలినను దానియందు సారముండదు. రెండవదానిచే స్నేహము మిగులదు, సత్యమును నిలువదు. ఈ రెంటికిని నడుమ వేరొక మార్గము గలదు. రవీంద్రనాథ ఠాకూరు, మహాత్మాగాంధి గారల మైత్రి దానికి నిదర్శనము.

వీరిరువురు 1915 సంవత్సరమున శాంతినికేతనమునందు దొలుత గలిసికొనిరి. 1921లో సహాయనిరాకరణమును, విదేశవస్త్రదహనమును రవీంద్రులు బహిరంగముగా విమర్శించిరి. గాంధిగారు 'యంగ్ ఇండియా' పత్రికలో బదులు వ్రాయుచు, కవిని దేశమునకు గావలివానిగా గౌరవించిరి; తమ సిద్ధాంతమును మాత్రము విడువరైరి. 1925లో రాట్నమును గూర్చి మరల వాదము నడచెను.

1934 జనవరి 15వ తేదిని బీహారునందు ఘోరభూకంపము సంభవించి వేలకొలది జనులు మడిసిరి. అది యస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యని గాంధిగారు పలికిరి. రవీంద్రులును అస్పృశ్యతను నిరసించువారే. అయినను ప్రకృతినియమములకు మానవుల పుణ్యపాపములను ముడిపెట్టుట వలన దేశమున మూఢవిశ్వాసము ప్రబలునని వారు తలచిరి. అప్పుడు వారు చేసిన పనిని గమనింపుడు. పత్రికలలో వచ్చిన మాటలను నమ్మజాలకున్నానని మొదట గాంధిగారికే జాబు వ్రాసి, తమ ఖండనమును దానితో జేర్చి, ఆ మాటలు మీవే యైనచో దీనిని మీరే పత్రికలకు బంపుడని కోరిరి. గాంధిగారు దానిని దాచలేదు. 1934 ఫిబ్రవరి 16వ తేది 'హరిజన్' పత్రికలో దానిని, దానితో దమ ప్రత్యుత్తరమును బ్రకటించిరి. ఎవరి పక్షము వారిదే. కాని చదువరులకు రెండు పక్షములును దెలిసినవి.

న్యాయవాదవృత్తిలోనున్న మాకు నిత్యపరిచితమైన నియమ మొకటి గలదు. ప్రతివాదికి నోటీసు అందనిదే వానిపై దీర్పు చెప్పరాదు. అపరిచితునికి సైతము చట్టమిచ్చు నీ హక్కును బాల్యమిత్రునికి మన మేల యీయరాదు? కావున నతని మాట యితరులవలన విన్నచో, ముందుగా నతనినే యడుగవలెను. అతని వాదమును, 'అవును, నా యభిప్రాయ మిదియే' యని యతడే యొప్పుకొనునట్లు చెప్పి, పిమ్మట ఖండింపవలెను. ఖండింపవలసినది వాదమునే గాని, దాని వెనుక దురుద్దేశమును గల్పింపరాదు. అతని బదులును బూర్తిగా వినవలెను. న్యాయస్థానమున దీర్పరి యొకడుండును. మిత్రుల నడుమ నట్టివాడు లేడు. అందుచే నొక్క సాయంకాలములోనే జయాపజయములు తేలవలెనను తొందర యనవసరము.

అయితే గౌరవ మనగా మౌనము గాదు. మిత్రుని యింట నొక పనివానికి వేరుగ్లాసున నీరిచ్చుట చూచియు, మాటాడిన నతడు నొచ్చుకొనునని మిన్నకుందుమేని, మన మర్యాదకు మూల్యము చెల్లించువాడు ఆ పనివాడే. అట్టియెడ నేకాంతమున, మెత్తనిమాటలతో, స్పష్టముగా జెప్పుటయే స్నేహధర్మము.

వాదము ముగిసినను సేవ యాగరాదు. 1932 సెప్టెంబరులో గాంధిగారు ఎరవాడ చెరసాలలో నిరశనవ్రతము విరమించినపుడు రవీంద్రులు దగ్గర నుండిరి. 1936లో విశ్వభారతి ధనసంకటములో నుండగా గాంధిగారు 60,000 రూపాయలు సమకూర్పించిరి. 1940లో దమ యనంతరము విశ్వభారతిని గాపాడుమని రవీంద్రులు కోరినది గాంధిగారినే. పలుమారు వాదించిన మిత్రునికే యాయన తన జీవితకృషిని నమ్మి యప్పగింప దలచెను. మన భిన్నాభిప్రాయుడైన మిత్రుడు మనల నంతగా నమ్మునట్లు మాటాడుచున్నామా యని మన మెల్లరము విచారించుకొందము గాక.