పలక నుండి తెర వరకు: బడిలో ఇంటర్నెట్, పంచాయతీ కర్తవ్యము

మార్కాపురము పలకలకు పేరెన్నికగన్న ఊరు. ఈ ప్రాంతపు గనులలో తీసిన రాతితో చేసిన పలకలపై దేశమందలి అనేక పాఠశాలల పిల్లలు ఓనమాలు దిద్దుకొనిరి. నేడు ఆ పలక స్థానమును చాలవరకు కాగితము ఆక్రమించినది. దాని వెనుకనే తెర వచ్చినది. ఉపాధ్యాయుని చేతిలోని ఫోను, తరగతి గోడకు అమర్చిన పెద్ద తెర, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు, ఇవన్నియు ఇప్పుడు బోధనకు పనిముట్లే. వీనివలన ఊరి బడికి మేలు కలుగవలెనన్నచో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములను ఇచట వివరింపదలచితిమి.

పాఠమునకు ఎట్లు ఉపకరించును?

మార్కాపురము, గిద్దలూరుల నడుమనున్న కంభము చెరువునే తీసికొందము. విజయనగర రాజుల కాలమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్ట వేసి దీనిని నిర్మించిరి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. కట్టపై నిలిచిన పిల్లవానికి నీరు మాత్రమే కనిపించును. మన అంతరిక్ష సంస్థ 2009లో నెలకొల్పిన భువన్ పటమును ఉపాధ్యాయుడు తెరపై చూపినచో, కొండల వరుస, నది దారి, కట్టకు ఆ చోటునే ఎన్నుకొనుటకు కారణము ఒక్క చూపులో బోధపడును. మరునాడు పిల్లలను కట్టమీదికి తీసికొనిపోయినచో పాఠము పూర్తియగును.

2017 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన దీక్షా వేదికలో తరగతులవారీగా పాఠములు గలవు. పాఠ్యపుస్తకములో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపినచో వాని నుండి సంబంధించిన పాఠము తెరచుకొనును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన గ్రామములకు కూడ పుటలు గలవు. తమ ఊరి పుటను పిల్లలచే చదివించి, అందలి తప్పొప్పులను పెద్దలనడిగి, రికార్డులతో సరిచూచి దిద్దించుట మంచి తెలుగు పాఠము, మంచి చరిత్ర పాఠము కూడ అగును.

ఫోను లేని ఇంటి బిడ్డ

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడినపుడు ఒక సత్యము తేటపడినది. ఇంట ఫోను ఉన్న బిడ్డకు ఏదో కొంత పాఠము అందినది. లేని బిడ్డ చదువుకు దూరమయ్యెను. పశ్చిమ ప్రకాశ ప్రాంతమున ఈ భేదము మరింత లోతైనది. ఇది వానలు చాలని మెట్టసీమ. అనేక కుటుంబములు పనులకై దూర ప్రాంతములకు వలసపోవుచున్నవి. ఇంట ఒకే ఫోను ఉన్నచో అది తండ్రితోబాటు పనికి పోవును. నల్లమల లోపలి చెంచు గూడెములలో ఫోను ఉన్నను సిగ్నలు అందని చోట్లు గలవు.

కాబట్టి మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే: ఫోను లేని బిడ్డకు కూడ చేరినపుడే ఆ పాఠము బడి పాఠమనిపించుకొనును. చేరనిచో, భేదములు తొలగించుటకై పెట్టిన బడియే భేదములను పెంచినట్లగును.

పలకకు, తెరకు గల భేదము

పలకపై వ్రాసిన తప్పు తడిగుడ్డతో తుడిచిన పోవును. సామాజిక మాధ్యమములో పెట్టినది అట్లు పోదు. బిడ్డ ఫొటో, మార్కులు, పడిన శిక్ష ఒకసారి గ్రూపులోనికి ఎక్కినచో ఎన్ని చేతులు మారునో ఎవ్వరును చెప్పలేరు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి వివరములు వాడుకొనుటకు తల్లిదండ్రుల అంగీకారము ఉండవలెనని నిర్దేశించినది.

మరియొక ప్రమాదము వదంతి. పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని 2018లో ఫోనులలో వ్యాపించిన అబద్ధపు కబుర్ల వలన పలు రాష్ట్రములలో అమాయకులు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. ఆ ఏడు జులైలో వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక కబురును ఒకేసారి ఐదింటికి మించి పంపరాదని హద్దు పెట్టవలసివచ్చెను. ఈ కబురు ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? వేరొక చోట రూఢియైనదా? ఈ మూడు ప్రశ్నలు వేయుట నేర్పిన ఉపాధ్యాయుడు బిడ్డకే కాదు, ఊరికంతకును మేలు చేసినవాడగును.

పంచాయతీ చేయదగిన పనులు

73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 11వ షెడ్యూలులోని 29 విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును ఉన్నవి. కనుక ఇది మనకు సంబంధింపని పని కాదు. ప్రధానోపాధ్యాయునితోను, తల్లిదండ్రుల కమిటీతోను సంప్రతించి ఈ క్రింది పనులు చేపట్టవచ్చును.

1. పంచాయతీ కార్యాలయమునకు ఇంటర్నెట్ తీగ వచ్చియున్నచో, సాయంకాలము ఒక గంట అక్కడనో గ్రంథాలయములోనో పెద్దల పర్యవేక్షణలో పిల్లలు పాఠము చూచుటకు చోటు కల్పింపవలెను.

2. సిగ్నలు లేని ఊళ్లకు, ఉపాధ్యాయుడు ముందుగా దించుకొనిన పాఠములను బడిలోనే చూపు ఏర్పాటు కోరవలెను.

3. గ్రూపునకు పంపిన ప్రతి కబురును బడి నోటీసు బోర్డుపై కూడ వ్రాయించవలెను. చదువురాని తల్లిదండ్రులకు దానిని చదివి చెప్పువారుండవలెను.

4. గ్రూపులో తల్లిదండ్రులుండవలెనే గాని పిల్లలుండరాదు. సెలవు, హాజరు, సమావేశము వంటి కబుర్లకు తప్ప పార్టీ మాటలకు తావీయరాదు.

5. ఆన్‌లైన్ మోసములకు 1930, ఆపదలోనున్న పిల్లలకు 1098 అను నంబర్లను బడి గోడపై వ్రాయించవలెను.

వీనిలో కొన్నిటికి సొమ్మే అక్కరలేదు. రానున్న గ్రామసభలో ఒక్క ప్రశ్న అడిగి పని మొదలిడవచ్చును: మన ఊరిలో ఫోను లేని ఇండ్లెన్ని, ఆ ఇండ్లలో బడికి పోవు పిల్లలెందరు? ఆ పట్టిక సిద్ధమైన నాడు ఉపాధ్యాయునికి పాఠము ఎవరెవరికి వేరుగా చేర్చవలెనో తెలియును. పంచాయతీకి తన పని ఏదియో తెలియును.