న్యూజెర్సీలో పందెం: చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలో క్రీడా బెట్టింగ్‌కు దారి తెరిచింది న్యూజెర్సీ మొండిపట్టే.

రాష్ట్రాలు క్రీడా పందేలను అనుమతించకుండా 1992లో అమెరికా కాంగ్రెస్ ‘పాస్పా’ చట్టం తెచ్చింది. నెవడా సహా నాలుగు రాష్ట్రాలకు మాత్రం మినహాయింపునిచ్చింది. అట్లాంటిక్ సిటీలో 1978 నుంచే క్యాసినోలున్న న్యూజెర్సీ దీన్ని కాదని సొంత చట్టం చేసింది. క్రీడా లీగ్‌లు కోర్టుకెక్కాయి. చివరకు 2018 మే 14న ‘మర్ఫీ వర్సెస్ ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం)’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పాస్పాను కొట్టేసింది. రాష్ట్ర శాసనసభలు ఏ చట్టం చేయాలో, ఏది చేయకూడదో సమాఖ్య ప్రభుత్వం శాసించకూడదన్న అమెరికా రాజ్యాంగ 10వ సవరణ సూత్రమే ఇందుకు ఆధారం. నెల తిరిగేసరికి, జూన్ 14న, మాన్మౌత్ పార్క్ రేస్‌కోర్సులో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ స్వయంగా తొలి పందెం కాశారు.

న్యూజెర్సీలో ఆన్‌లైన్ క్యాసినోలు అంతకుముందే, 2013 నవంబరులో మొదలయ్యాయి.

ఇక్కడ పందెం కాయడానికి చేతిలో యాప్ ఉంటే చాలదు. వయసు 21 నిండాలి, పందెం కాసే క్షణాన రాష్ట్ర సరిహద్దుల్లోనే ఉండాలి. జియోలొకేషన్ సాంకేతికత ఫోన్ ఎక్కడుందో కనిపెడుతుంది. హడ్సన్ నది దాటి మాన్‌హట్టన్‌లో అడుగుపెడితే యాప్‌కున్న న్యూజెర్సీ లైసెన్సు చెల్లదు. రాష్ట్రంలోని కాలేజీ జట్లపై పందేలు నిషిద్ధం. పర్యవేక్షణ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానిది. ఆన్‌లైన్ క్రీడా పందేల రాబడిపై పన్నును 2025 జులై నుంచి 13 శాతం నుంచి 19.75 శాతానికి పెంచారు.

పోటీ పరీక్షల అభ్యర్థులు పోల్చి చదవాల్సిన అంశం: మన రాజ్యాంగంలో ‘పందేలు, జూదం’ 7వ షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 34వ అంశం. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.