కారులోని పెట్రోలు పంపు

పెట్రోలు పంపు అనగానే రోడ్డు ప్రక్కనున్న పెట్రోలు స్టేషను గుర్తుకు వచ్చినదా? మనము చెప్పుకొనేది అది కాదు. టాంకులోని పెట్రోలును ఇంజనుకు అందించే చిన్న యంత్రము.

1985లో వెలువడిన మొదటి ప్రోటాన్ సాగా కారులో ఈ పంపు ఇంజనుకే అమర్చి ఉండేది. నేటి పెట్రోలు కార్లలో అది విద్యుత్తుతో నడుస్తూ, టాంకులోనే మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాని మోటారును చల్లబరుస్తుంది.

టాంకు ఎప్పుడూ అడుగంటి ఉంటే ఏమవుతుంది? మలుపులలో పెట్రోలు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. పంపు గాలిని పీల్చి, వేడెక్కి, త్వరగా అరుగుతుంది. అడుగున చేరిన మడ్డివల్లనే పాడవుతుందని కొందరంటారు. కాని టాంకు నిండుగా ఉన్నా పంపు పీల్చేది అడుగునుండే గదా! కనుక పావు టాంకుకు తగ్గకముందే పెట్రోలు పోయించవలెను. ఫిల్టరు మూసుకొనిపోయినా పంపుకు శ్రమ పెరుగుతుంది. గడువు ప్రకారము మార్పించవలెను.

తాళము త్రిప్పగానే చాలా కార్లలో వెనుక సీటు వైపు ఒకటి రెండు క్షణాలు సన్నని రొద వినబడుతుంది. అది పంపు చప్పుడే. ఆ రొద రోజురోజుకు పెరిగితే మీ నాన్నగారికి చెప్పండి. ఉగాదికి కౌలాలంపూరునుండి బాగాన్ దాతుక్ వెళ్ళే దారిలో, వెనుక లారీలు వస్తుండగా కారు ఆగిపోవుట ప్రమాదము. పంపును మెకానిక్కే విప్పవలెను. పెట్రోలు ఆవిరి అంటుకొనుటకు ఒక్క నిప్పురవ్వ చాలు.