పాత కిక్కు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా వయసు 27. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో గంజాయి అలవాటైంది. అప్పట్లో రెండు దమ్ములు లాగితే గంటసేపు నవ్వులే. ఇప్పుడు రోజూ రాత్రి మూడు నాలుగు జాయింట్లు కావాలి. అయినా పాత కిక్కు లేదు. పైగా గుండె దడ, ఎవరో నన్నే గమనిస్తున్నారన్న భయం. ఒక్కరోజు మానితే నిద్ర పట్టదు, అందరి మీదా చిరాకు. ‘అది ఉత్త మొక్క, అడిక్షన్ ఉండదు’ అంటారు మిత్రులు. మరి నాకెందుకిలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ మిత్రుల మాట తప్పు. గంజాయికి శరీరం అలవాటు పడుతుంది, మానితే ఇబ్బందీ పెడుతుంది. మానేసినప్పుడు వచ్చే ఈ బాధలను అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లోనే తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది.

గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. అది మెదడులో సీబీ1 అనే గ్రాహకాలను పట్టుకుంటుంది. ఆకలి, నిద్ర, భయం, జ్ఞాపకం అదుపు తప్పకుండా మన శరీరమే కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఆ గ్రాహకాలున్నది వాటి కోసం. రోజూ బయటి నుంచి టీహెచ్‌సీ వచ్చి పడుతుంటే మెదడు తట్టుకోలేక ఆ గ్రాహకాలను తగ్గించేసుకుంటుంది. రోజూ గంజాయి తాగేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, 2012లో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. మెదడు పైపొరలో ఈ గ్రాహకాలు సుమారు 20 శాతం తక్కువగా కనిపించాయి. మీకు పాత కిక్కు దొరకకపోవడానికి ఇదే ముఖ్య కారణం. సరుకు మార్చినా, మోతాదు పెంచినా కొన్నాళ్లకు మళ్లీ ఇదే స్థితికి వస్తారు.

ఇంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. మొదట్లో మీరు సరదా కోసం తాగారు. ఇప్పుడు రాత్రి తాగగానే కలిగే ‘హాయి’లో చాలా భాగం, పగలంతా గంజాయి లేక మొదలైన అశాంతి కాస్త సద్దుమణగడమే. గంజాయిని మందు అనుకుంటున్నారు కానీ ఆ రోగాన్ని తెచ్చిపెట్టింది కూడా అదే. నిద్ర సంగతీ ఇంతే.

మత్తు తగ్గినంత మాత్రాన నష్టం తగ్గిందనుకోకండి. టీహెచ్‌సీ కొద్దిగా పడితే మనసు నెమ్మదించవచ్చు, మోతాదు పెరిగితే అదే భయం పుట్టిస్తుంది. కిక్కు కోసం మోతాదు పెంచుకుంటూ పోయినవారికి మిగిలేది ఈ భయమే. ఎవరో గమనిస్తున్నారన్న అనుమానాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేలమంది యువకులను 15 ఏళ్లు గమనించిన అధ్యయనం 1987లో వచ్చింది. 18 ఏళ్లలోపే యాభైసార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నా, తాగని రోజుల్లో కూడా అనుమానాలు వెంటాడినా, ఈ వారమే సైకియాట్రిస్టును కలవండి.

మీకు మంచి కబురు కూడా అదే 2012 అధ్యయనంలో ఉంది. సుమారు నాలుగు వారాలు పూర్తిగా మానిన తర్వాత, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో తప్ప మిగతాచోట్ల గ్రాహకాలు మళ్లీ పెరిగాయి. కాబట్టి మానేయండి. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, చెమటలు, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారం గట్టిగా ఉంటుంది, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్ర సరిపడటానికి, విచిత్రమైన కలలు ఆగడానికి ఇంకొంత సమయం పట్టవచ్చు. ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టేది ఆ నిద్రలేని రాత్రుల్లోనే. అందుకని ముందే ఒక మనిషికి చెప్పి ఉంచండి. సిగరెట్ పొగాకులో కలిపి తాగుతుంటే నికోటిన్ లేని బాధ కూడా తోడవుతుంది, దానికి విడిగా చికిత్స ఉంది. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, ఒక అలవాటు పోయి ఇంకొకటి పట్టుకుంటుంది. మద్యం కూడా రోజూ తాగేవారైతే రెండూ ఒక్కసారిగా సొంతంగా ఆపకండి. మద్యం హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ షాపుల్లోనే అమ్ముతారు. మా తమ్ముడు వేప్‌లో పీలుస్తున్నాడు. ఇండియాలో సాధువులు తాగేదే కదా అంటాడు. నిజమేనా?

జవాబు: చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మెదడుకు తేడా ఉండదు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం ఉండగా 2014 నాటికి 12 శాతానికి చేరింది. వేప్ నూనెల్లో అయితే 60 శాతం పైన కూడా ఉంటుంది. ఎంత ఘాటైన సరుకైతే అంత త్వరగా అలవాటు ముదురుతుంది. అందుకే సాధువులు తాగేదే కదా అన్న మీ తమ్ముడి పోలిక నిలవదు.

ప్రశ్న: డాక్టరుగారూ, మా అబ్బాయికి 24 ఏళ్లు. రెండు నెలలకోసారి ఆగకుండా వాంతులు. స్కానింగులు, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. వేడినీళ్ల స్నానం చేస్తేనే తగ్గుతుందని గంటలకొద్దీ బాత్రూంలోనే ఉంటున్నాడు. వాడు గంజాయి తాగుతాడని ఈమధ్యే తెలిసింది. ఆస్పత్రిలో చెబితే పోలీసు కేసవుతుందని భయం.
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీరు రాసిన వేడినీళ్ల సంగతే అసలు ఆనవాలు. ఏళ్ల తరబడి గంజాయి తాగే కొందరిలో వచ్చే వాంతుల జబ్బు ఇది. 2004లో దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు మొదట గుర్తించి రాశారు. కీమోథెరపీ తీసుకునే కేన్సర్ రోగుల వాంతులకు టీహెచ్‌సీ మాత్రను 1985లో అమెరికా అనుమతించింది. అదే పదార్థం ఏళ్లపాటు ఎక్కువగా పడితే కొందరిలో వాంతులనే తెస్తోంది. మామూలు వాంతుల మందులు దీనికి అంతగా పనిచేయవు. గంజాయి మానడమొక్కటే పూర్తి విరుగుడు. మళ్లీ తాగితే మళ్లీ వస్తుంది.

అయినా మిగతా కారణాలు లేవని వైద్యుడే తేల్చాలి. నీళ్లు కూడా నిలవక, మూత్రం తగ్గి, మగతగా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించండి. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మరిగే నీళ్లతో ఒళ్లు కాల్చుకోకుండా చూడండి.

పోలీసుల భయంతో చికిత్స ఆపకండి. ఏమి వాడుతున్నాడో వైద్యుడికి దాచకుండా చెప్పండి, లేకపోతే ఈ జబ్బు అంతుచిక్కదు. తాగే అలవాటు ఉండి, తనంతట తానే గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వచ్చే వ్యక్తికి 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని సెక్షన్ 64ఏ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మకం కేసులకు ఇది వర్తించదు. మత్తు విముక్తికి జాతీయ ఉచిత నంబరు 14446. మానసిక వైద్య సలహాకు టెలీ మానస్ 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ మీరే చేయవచ్చు, అబ్బాయి ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు.