నూలు నమూనాల పరీక్ష: కార్డిగన్ అల్లకము

గ్రామములోని స్త్రీల సంఘము అల్లకపు పనికి పూనుకొన్నప్పుడు పంచాయతీ సభ్యులు సాధారణముగా రెండు ప్రశ్నలు అడుగుదురు. అప్పు ఎంత? సరకు కొనువారెవరు? అడుగవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు: నూలు పరీక్షించినారా? దీనిని మరచినచో, నెలనాళ్ల శ్రమ ఒక్క ఉతుకుతో వృథా కావచ్చును. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు 1993 నుండి పంచాయతీలకు అప్పగించదగిన విషయములలో చేరియున్నవి. కావున ఈ ప్రశ్న మీకు సంబంధించినదే.

అల్లకము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లకము నరసాపురము చుట్టుపట్ల ఇంటింటికి ప్రాకినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఏలూరులో ఊలు తివాచీల నేత కలదు. పారశీకమునుండి వచ్చిన పనివారు ఆ విద్యను తెచ్చిరని ప్రతీతి. అయితే లేసునకు కొక్కెపు సూది యొక్కటి చాలును, కార్డిగన్ అల్లుటకు రెండు సూదులు కావలెను. చేతివాటము గల లేసు పనివారికి ఈ తేడా పెద్ద అడ్డంకి కాదు.

ముందువైపు బొత్తాములతో తెరచుకొను స్వెట్టరే కార్డిగన్. క్రిమియా యుద్ధమున పాల్గొన్న ఒక ఆంగ్ల సేనాని బిరుదునామము దానికి నిలిచినది. ద్వారకా తిరుమల, భీమడోలు ప్రాంతములలో చలి స్వల్పము. ధనుర్మాసపు వేకువజామున కొండకు వచ్చు వృద్ధులకు దళసరి ఊలుకన్న మెత్తని నూలు కార్డిగన్ హాయిగా నుండును. లంబసింగి, అరకు వంటి చల్లని తావులకు పంపదలచినప్పుడు ఊలే తగినది. ఒకే రకపు సరకు అన్నిచోట్లకు పంపవలెనను పట్టుదల మంచిది కాదు.

నూలు వ్యాపారినుండి ముందుగా నాలుగైదు రకముల చిన్న చిలపలు మాత్రమే తీసుకొనవలెను. ఒక్కొక్క రకముతో 15 సెంటీమీటర్ల చతురపు ముక్క నొకటి అల్లి, దాని నడుమ 10 సెంటీమీటర్ల మేర కొలిచి, అందులో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు పడినవో లెక్కింపవలెను. అంచులు ముడుచుకొనును గనుక అచ్చట కొలుచుట తగదు. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడినవనుకొందము. 96 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 192 కుట్లు కావలెను. అదే సంఘములో మరియొక స్త్రీ చేతిబిగువు ఎక్కువై 22 కుట్లు పడినచో, ఆ 192 కుట్లకే కార్డిగన్ 87 సెంటీమీటర్లకు తగ్గిపోవును! నూలు ఒక్కటే, సూదులు ఒక్కటే, అయినను తొడుగబోయినవానికి బొత్తాము పట్టదు. అందుచేత నమూనా ముక్కను సంఘమునకొకటి కాక, అల్లు ప్రతి మనిషియు అల్లవలెను. బిగువు ఎక్కువైనవారు కొంచెము లావు సూదులు, వదులైనవారు సన్నని సూదులు తీసుకొని మరల చూడవలెను.

తరువాత ఆ ముక్కను, కొనినవారు ఇంట ఎట్లు ఉతుకుదురో అట్లే ఉతికి, నీడన పరచి ఆరవేసి మరల కొలువవలెను. 15 సెంటీమీటర్ల నిడివి 14 అయినచో, 60 సెంటీమీటర్ల కార్డిగన్ 56కు కుదించుకొనునని అర్థము. ఉతుకునప్పుడు ముక్కకు తెల్లని గుడ్డపేలిక కుట్టియుంచినచో రంగు దిగుట వెంటనే తెలియును.

బజారులో ఊలు అనబడునదంతయు గొర్రెబొచ్చు కాదు; అందు చాలభాగము ఆక్రిలిక్ పోగు. చిన్న పోగును పట్టకారుతో పట్టుకొని, ప్రక్కన నీళ్లుంచుకొని, మంటకు చూపవలెను. నిజమైన ఊలు వెండ్రుకలు కాలిన వాసననిచ్చి, మంట తీయగనే ఆరిపోయి, నలిపిన పొడియగు బూడిదగును. పత్తినూలు కాగితమువలె కాలును. ఆక్రిలిక్ కరగి, చల్లారినపిమ్మట నల్లని గట్టి పూసయగును. ఆక్రిలిక్ వాడుట తప్పు కాదు. దానిని ఊలు ధరకు కొనుటయు, ఊలని చెప్పి అమ్ముటయు తప్పు.

నమూనా ముక్కను తూచినచో కొనవలసిన నూలు లెక్క కూడ తేలును. కిరాణా దుకాణపు కాటా ఇందుకు పనికిరాదు, బంగారపు పనివారి కాటా కావలెను. 225 చదరపు సెంటీమీటర్ల ముక్క 9 గ్రాములు తూగినచో, ఇంచుమించు 9000 చదరపు సెంటీమీటర్ల కార్డిగన్‌కు 360 గ్రాములు పట్టును. తరుగునకు పదవవంతు చేర్చి 400 గ్రాములు కొనుట మేలు. చిలపల చీటీపై అద్దకపు సంఖ్య ఉండును. ఒక కార్డిగన్‌కు కావలసిన నూలంతయు ఒకే సంఖ్యదిగా తీసుకొనవలెను. లేనిచో, వీపు ఒక ఛాయ, చేతులు ఒక ఛాయ అగును. పగటివెలుగున చూచినగాని ఆ తేడా కనబడదు.

ఇక కూలి మాట. నరసాపురపు లేసు పనివారినిగూర్చి 1982లో గ్రంథము ప్రకటించిన మరియా మీస్ అను పరిశోధకురాలు, ఆ స్త్రీలను కూలివారుగా గాక తీరిక వేళ అల్లుకొను గృహిణులుగా లెక్కించుటచేతనే వారి ప్రతిఫలము అంత స్వల్పమైనదని చూపినది. నమూనాలల్లిన గంటలు కూడ పనిగంటలే. ఒప్పందములో వానికి కూలి వ్రాయించుట సభ్యుల వంతు. వ్యాపారి ఒప్పుకొనిన నమూనాను రెండుగా చేసి, ఇరుపక్షముల సంతకములుగల చీటీ కుట్టి, ఒకటి అతనికిచ్చి, రెండవది పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను. నూలు అతడే సరఫరా చేసినచో, వచ్చిన ప్రతి మూటనుండి ఒక పోగు తీసి దానితో సరిచూడవలెను. తేడా యున్నచో అల్లక మారంభింపకమునుపే మూట తిప్పిపంపవలెను. చిలప విప్పి సూదికి ఎక్కించిన తరువాత ఏ వ్యాపారియు దానిని వెనుకకు తీసుకొనడు.